తొమ్మిది చుక్కలు, ఒకే గీత: వాకిట్లో మెలికల ముగ్గుకి పెయింటు వేసిన డైరీ

స్థలం: ఇంటి ముందు బూడిద రంగు సిమెంటు గచ్చు. అడ్డం 372 సెం.మీ., గడప నుంచి వీధి వైపుకి 365 సెం.మీ.

చుక్కలు: సరిచుక్క, తొమ్మిది వరసలు, వరసకి తొమ్మిది. మొత్తం 81.

పెట్టుకున్న షరతులు రెండు. గీత ఒక్కటే ఉండాలి, ఎక్కడ మొదలుపెట్టినా అన్ని చుక్కల్నీ చుట్టి అక్కడికే రావాలి. ముగ్గుని పావు చుట్టు తిప్పినా తేడా తెలియకూడదు. అమ్మకి మోకాళ్ల నొప్పి, రోజూ వంగలేదు కాబట్టి పెయింటు. ఒకే గీత మాత్రం నా పట్టుదల.

దశ 1: కాగితం మీద

మామూలు మెలికల ముగ్గులో పక్కపక్క చుక్కల మధ్య ప్రతిచోటా గీతలు ఒకదాన్నొకటి దాటతాయి. ఆ చోటుని ఈ డైరీలో కత్తెర అంటాను. గీత దాటకుండా వెనక్కి తిరిగే చోటు వంపు. బయటి అంచున అన్నీ వంపులే.

గళ్ల కాగితం మీద 9×9 వేసి గీత వెంట పెన్సిలు నడిపించాను. తొమ్మిది వేర్వేరు గీతలొచ్చాయి. తప్పు వేశాననుకుని మళ్లీ వేశా, మళ్లీ తొమ్మిదే. లెక్క ఏమిటంటే అటున్న చుక్కలు, ఇటున్న చుక్కలు, ఈ రెండింటి గసాభా (రెండింటినీ భాగించే అతి పెద్ద సంఖ్య) ఎంతో అన్ని గీతలు. ఆరో తరగతి గసాభా వాకిట్లో పనికొస్తుందని అప్పట్లో ఎవరూ చెప్పలేదు. అంగోలాలో చోక్వే ప్రజలు ఇసుక మీద చుక్కలు పెట్టి వేసే సోనా బొమ్మలకీ ఇదే లెక్క. మొజాంబిక్ గణితవేత్త పౌలుస్ గెర్డెస్ దాని మీద చాలా రాశారు. మన పక్కన తమిళుల కోలం మీద మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ శిరోమణి 1970ల్లోనే పని చేశారు.

చదరంలో రెండు సంఖ్యలూ ఒకటే కాబట్టి 9×9కి గసాభా 9. అన్నిచోట్లా కత్తెరలే వేస్తే ఒకే గీత రానే రాదు. 9×8 అయితే గసాభా 1, ఒకే గీత వస్తుంది. వేసి అమ్మకి చూపించాను.

"అటు తొమ్మిదీ ఇటు ఎనిమిదీ ఏమిటే? మంచం వేసినట్టుంది."

నిజమే. కుడి ఎడమలు ఒకటిగానే ఉన్నాయి, పైనా కిందా ఒకటిగానే ఉన్నాయి, కానీ పావు చుట్టు తిప్పితే నిలువు అడ్డమవుతుంది. రెండో షరతు పోయింది.

దారి దొరికింది ఇలా:

1. మధ్య చుక్కని ఒంటరిగా వదలండి.
2. మిగిలిన 80 చుక్కల్ని నాలుగు 5×4 ముక్కలు చేయండి. 20×4 = 80.
3. ముక్కల్ని ఫ్యాను రెక్కల్లా అమర్చండి. గడప దగ్గర నిలబడి చూస్తే దగ్గర ఎడమ ముక్క అడ్డంగా (అడ్డం 5, లోతు 4), దగ్గర కుడి ముక్క నిలువుగా, దూరం కుడి మళ్లీ అడ్డంగా, దూరం ఎడమ నిలువుగా. మధ్యలో సరిగ్గా ఒక్క చుక్క చోటు మిగులుతుంది.
4. 5, 4ల గసాభా 1. కాబట్టి ఒక్కో ముక్కలో ఒక్కో గీత. ముక్కకీ ముక్కకీ మధ్య అన్నీ వంపులే, కత్తెర వేయకండి.
5. మధ్య చుక్క చుట్టూ ఒక చిన్న సున్నా. దీనితో మొత్తం ఐదు గీతలు.
6. మధ్య చుక్కకి నాలుగు పక్కలా నాలుగు ముక్కలూ ఆనుకుని ఉంటాయి. ఆ నాలుగు చోట్లా ఒక్కో కత్తెర వేయండి.

రెండు వేర్వేరు గీతల మధ్య ఒక కత్తెర వేస్తే అవి కలిసి ఒకటవుతాయి. ఇందులో పొరపాటుకి తావు లేదు. ఐదు గీతలు, నాలుగు కత్తెరలు, మిగిలేది ఒకటి. ఏ బేసి సంఖ్యకైనా ఇది పనిచేస్తుంది. 7×7 కావాలంటే 4×3 ముక్కలు, 11×11 కావాలంటే 6×5 ముక్కలు.

దీనికి ఇవ్వాల్సిన మూల్యం ఒకటుంది. ఈ ముగ్గుకి అద్దం పోలిక లేదు. మధ్యకి మడిస్తే కుడి, ఎడమ మీద పడదు. తిప్పితేనే కలుస్తుంది. కాగితం మీద అది కంటికి తట్టలేదు, వాకిట్లో తట్టింది. ఆ సంగతి దశ 7లో.

ఇప్పటికి: 5 గంటలు, రూ. 40.

దశ 2: అతుకులు పోగొట్టబోయి

నాలుగు ముక్కల మధ్య అతుకులు కనిపిస్తున్నాయి. అమ్మ మాటల్లో "నాలుగు చాపలు పరిచినట్టు". అతుకు మీద ఎక్కడో ఒకచోట కత్తెర వేస్తే చాపలు కుట్టేసినట్టు అవుతుంది కదా అనుకున్నాను. పావు చుట్టు పోలిక చెడకుండా ఉండాలంటే నాలుగు అతుకుల మీదా ఒకే వరసలో వేయాలి. ఒక్కో అతుకు మీద నాలుగు వరసలు. బయటి నుంచి లెక్కపెడితే:

1వ వరసలో కత్తెరలు: 5 గీతలు
2వ వరసలో: 3 గీతలు
3వ వరసలో: 5 గీతలు
4వ వరసలో: 3 గీతలు

ఒక్కటీ కుదరలేదు. రెండేసి వరసలు కలిపి చూద్దామని ఆరు జతలూ వేశాను. 1-2, 1-4, 3-4 జతలకి ఐదు, 2-3, 2-4 జతలకి ఏడు, 1-3కి తొమ్మిది. అన్ని వరసల్లోనూ వేస్తే మామూలు 9×9 అయిపోయి తొమ్మిదికే వస్తాం, అది ముందే తెలుసు.

ఎందుకంటే నాలుగు ముక్కలూ అప్పటికే ఒకే గీత. అది తనను తానే దాటితే కలపడానికి వేరే గీత లేదు. ఈ ముగ్గులో అతుకు మీద ఎక్కడ చూసినా గీత రెండు పక్కలా ఒకే దిక్కుకి పోతోంది. అలాంటి చోట మొదటి కత్తెర వేయగానే గీత తెగుతుంది. పెన్సిలుతో బాణం గుర్తులు వేస్తే నిమిషంలో కనిపించేది. నేను బాణాలు వేసింది ఆరో జత కూడా అయిపోయాక.

అతుకులు ఉంచాను. మూడు గీతలతో అతుకు లేని ముగ్గు కావాలా, అతుకులున్నా ఒకే గీత కావాలా అన్నది ఎవరిష్టం వారిది.

ఇప్పటికి: 12 గంటలు, రూ. 40.

దశ 3: మూలమట్టం, మధ్య

చుక్కకీ చుక్కకీ 36 సెం.మీ. మొదటి చుక్క నుంచి చివరి చుక్కకి 288, రెండు వైపులా సగం సగం కలిపితే ముగ్గు మొత్తం 324 × 324.

మొదటి తప్పు: ఇంటి గోడని ఒక అంచుగా, ప్రహరీని రెండో అంచుగా తీసుకోవడం. చదరం గీసి మూల నుంచి మూలకి టేపు పట్టాను. రెండూ 458.2 రావాలి. ఒకటి 461.4, రెండోది 455.0. తేడా 6.4 సెం.మీ. అంటే మా ప్రహరీ గోడకి లంబంగా లేదు. 324 దూరం పోయేసరికి నాలుగున్నర సెం.మీ. పక్కకి జరిగింది. ముప్ఫై ఏళ్లుగా అందులోనే తిరుగుతున్నాం, ఎవరికీ తెలియలేదు. నా దగ్గరున్న మూలమట్టం ఒక చెయ్యి అడుగు పొడవే, ఇంత పెద్ద చదరానికి అది చాలదు.

మార్చిన పద్ధతి:

1. ఇంటి గోడకి సమాంతరంగా ఒక నైలాన్ దారం బిగించి కట్టాను. అది ఒక్కటే ఆధారం. ప్రహరీని పట్టించుకోలేదు.
2. దారం మీద ఒక గుర్తు, అక్కడి నుంచి 180 సెం.మీ. దగ్గర ఇంకో గుర్తు.
3. మొదటి గుర్తు నుంచి 240, రెండో గుర్తు నుంచి 300. రెండు టేపులు కలిసిన చోట మేకు. 3-4-5 లెక్కే, మేస్త్రీలందరికీ తెలిసిందే.
4. మొదటి గుర్తుకీ మేకుకీ రెండో దారం.
5. చదరం మళ్లీ కట్టి మూలలు కొలిచాను. 458.0, 458.3. చాలు.

గచ్చు వీధి వైపుకి 4 సెం.మీ. వాలు, వాన నీళ్లు పోవడానికి. ఏటవాలుగా కొలుస్తున్నాను కాబట్టి కొలతలు తప్పుతాయేమోనని ఒక పూటంతా రసమట్టం పట్టుకుని తిరిగాను. లెక్కవేస్తే మొత్తం 365 మీద తేడా పావు మిల్లీమీటరు కూడా లేదు. ఆ పూట దండగ.

అసలు ఇబ్బంది మధ్య ఎక్కడన్నది. టేపు ప్రకారం కుడికీ ఎడమకీ 24 సెం.మీ. చొప్పున వదలాలి. అలాగే తాళ్లు పరిచి గడపలో నిలబడి చూస్తే ముగ్గు ఎడమకి ఒరిగి తులసికోటని గుద్దుకుంటున్నట్టుంది. కోట గచ్చు ఎడమ అంచుకి ఆనుకుని, నడుమెత్తున ఉంటుంది. కుడి వైపు ఏమీ లేదు. అంత బరువు ఒక పక్కనే ఉన్నప్పుడు 24, 24 అన్నవి టేపుకి సమానం గానీ కంటికి కాదు. తాళ్లని కుడికి మూడేసి సెంటీమీటర్ల చొప్పున జరుపుతూ ప్రతిసారీ గడపలోకి వెళ్లి చూశాను. మూడుకి తేడా తెలియలేదు. ఆరుకి పర్వాలేదనిపించింది. తొమ్మిదికి కుదురుకుంది. పన్నెండుకి ముగ్గు కోటంటే భయపడి పారిపోతున్నట్టుంది. తొమ్మిది దగ్గర ఆపాను. ఎడమ ఖాళీ 33, కుడి ఖాళీ 15. గడపకీ వీధికీ మాత్రం 20.5 చొప్పున సమానంగానే వదిలాను.

ఇప్పటికి: 18 గంటలు, దారం మేకులతో రూ. 150.

దశ 4: చుక్కలు, రెండుసార్లు

36 సెం.మీ.కి ఒక పుల్ల కోసి చుక్క నుంచి చుక్కకి పెట్టుకుంటూ పోయాను. వరస చివర కొలిస్తే 288 బదులు 290.1. పుల్ల పెట్టిన ప్రతిసారీ రెండున్నర మిల్లీమీటర్లు, అంటే సుద్దగీత మందమే. ఎనిమిదిసార్లకి రెండు సెంటీమీటర్లు దాటింది. పైగా ఒక్కో వరసలో ఒక్కో రకంగా. 81 చుక్కలూ చీపురుతో ఊడ్చేశాను.

రెండోసారి పుల్ల పక్కన పడేశాను. టేపు సున్నాని మధ్య చుక్క మీద పెట్టి అటు 36, 72, 108, 144; టేపు తిప్పి ఇటు అవే అంకెలు. తప్పు పడితే ఆ ఒక్క చుక్కకే పడుతుంది, పక్కదానికి పాకదు. మొదట మధ్య నిలువు వరస, మధ్య అడ్డం వరస, తర్వాత నాలుగు అంచులు, ఆ తర్వాత అంచు నుంచి అంచుకి సుద్ద రాసిన దారం బిగించి కొట్టాను. దారాలు కలిసిన చోటే చుక్క. పదిహేను చుక్కలు ఊరికే పట్టి కొలిచాను. అన్నిటికంటే పెద్ద తప్పు 3 మి.మీ.

అమ్మ చుక్కలు పెడుతుంటే ఏ టేపూ ఉండదు. రెండు వేళ్ల మధ్య పిండి, అరచెయ్యి ఎడం చొప్పున వెనక్కి నడుస్తూ పెట్టుకుంటూ పోతుంది. ఒకరోజు కొలిచాను కూడా. ఆమెకీ చివరికి నాలుగు వేళ్లు పక్కకి పోతుంది, కానీ గీత తిప్పేటప్పుడు ఆ తేడాని దారిలోనే మింగేస్తుంది. పెయింటులో ఆ వెసులుబాటు లేదు.

ఇప్పటికి: 27 గంటలు, రూ. 150.

దశ 5: మూడు అట్టలు, ఒక తప్పు కత్తెర

ప్రతి చుక్కకీ నాలుగు పక్కలు. ఒక్కో పక్క కత్తెరో వంపో. ఈ ముగ్గు మొత్తానికి మూడే రకాల గళ్లు:

అట్ట 1: నాలుగూ కత్తెరలే. 25 గళ్లు.
అట్ట 2: మూడు కత్తెరలు, ఒక వంపు. 44 గళ్లు.
అట్ట 3: రెండు కత్తెరలు, పక్కపక్కనే రెండు వంపులు, చింతాకు ఆకారం. 12 గళ్లు.

25 + 44 + 12 = 81. కత్తెరలు మొత్తం 128. మందపాటి అట్టలో 36 సెం.మీ. చదరాలు మూడు కోసి, గీత దారిని వాటిలో చెక్కి, మధ్య ఒక బెజ్జం పెట్టాను. బెజ్జంలోంచి చుక్క కనిపిస్తే అట్ట సరిగ్గా కూర్చున్నట్టు.

మొదటి అట్టల్లో వంపుని గడి అంచు దాకా తీసుకెళ్లాను. అతుకు దగ్గర అటు వంపూ ఇటు వంపూ వీపులానించుకున్నాయి. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే అది కత్తెరో వంపో తేలదు. అట్టలు 2, 3 మళ్లీ కోశాను, ఈసారి వంపు గడి అంచుకి 3 సెం.మీ. లోపలే తిరిగేలా. గీత మందం (దశ 6లో ఖాయమైంది) 2 సెం.మీ. కాబట్టి అతుకు మీద 4 సెం.మీ. ఖాళీ మిగులుతుంది, సన్నని కాలవలా.

గీత పొడవు లెక్క: ప్రతి చుక్క చుట్టూ నాలుగు ఏటవాలు ముక్కలు, 81×4 = 324 ముక్కలు. ముక్కకి 25.5 సెం.మీ. వేసుకుంటే సుమారు 82.5 మీటర్లు. వంపుల్ని లోపలికి లాగాను కాబట్టి అసలు పొడవు కాస్త తక్కువ.

సుద్దతో అంతా గీశాక పరీక్ష. మధ్య చుక్క దగ్గర, దూరం ఎడమ వంపు మీద మొదలుపెట్టి, గీత వెంట నడుస్తూ ముక్కలు లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. 324 దగ్గర మొదటికి రావాలి. 108 దగ్గరే వచ్చేశాను.

"నూటెనిమిది మంచిదేగా, వదిలెయ్" అంది అమ్మ.

మిగిలిన 216 ముక్కలు ఇంకో గీత. ఎక్కడో ఒక వంపు ఉండాల్సిన చోట కత్తెర పడింది. ఒకే గీత రెండయిందంటే తప్పు ఒకటే అయ్యుండొచ్చు, అది కూడా అతుకు మీదే అయ్యుండొచ్చు. దూరంగా ఉన్న రెండు ముక్కల మధ్య అతుకులో, వీధి వైపు నుంచి రెండో వరసలో దొరికింది. సాయంత్రం వెలుతురు తగ్గాక అట్ట 2 బదులు అట్ట 1 పెట్టినట్టున్నాను, అటొకటి ఇటొకటి, రెండు గళ్లలోనూ. తుడిచి దిద్ది మళ్లీ నడిచాను: 324. పెయింటు డబ్బా తెరిచే ముందు ఈ నడక తప్పకుండా నడవండి, ముక్కలు లెక్కపెట్టుకుంటూ. కంటికి ఈ తప్పు కనపడదు. నేను రెండు గంటలు చూసినా కనపడలేదు.

ఇప్పటికి: 38 గంటలు, రూ. 210.

దశ 6: పెయింటు

మందం ముందుగా 12 మి.మీ. అనుకుని ఒక మూల మూడు గళ్లు వేశాను. దగ్గరగా బాగుంది, గడపలోంచి చూస్తే దారప్పోగులా ఉంది. 20 మి.మీ.కి మార్చాను. 2 సెం.మీ. × 82.5 మీటర్లు, అంటే చదరపు మీటరున్నర పైచిలుకు. రెండు పూతలకి లీటరులో సగం కూడా పట్టలేదు. నేను లీటరు కొన్నాను.

టేపు అంటించి మధ్యలో వేస్తే అంచు పదునుగా వస్తుందని చెప్పారు. గరుకు గచ్చు మీద పెయింటు టేపు కిందికి పాకి అంచంతా గొంగళిపురుగులా తయారైంది. వంపుల మీద టేపు తిరగదు కూడా. 20 మి.మీ. చదును బ్రష్షు తీసుకుని ఒకే ఈడ్పుకి లాగడం మేలు. బ్రష్షు వెడల్పే గీత వెడల్పు. నీళ్లు తక్కువ కలపండి.

రెండో తప్పు మంచు. ధనుర్మాసం. మొదటి పూత సాయంత్రం నాలుగింటికి వేశాను. తెల్లారేసరికి దూరపు సగం మీద మంచు పడి తెలుపు పాలిపోయి, వేలితో రాస్తే సున్నంలా వస్తోంది. ఆ సగం గోకి మళ్లీ వేశాను. తర్వాత ఉదయం తొమ్మిదిన్నరకి ముందు మొదలుపెట్టలేదు, మధ్యాహ్నం ఒంటిగంటకి ఆపేశాను.

క్రమం: మధ్య నుంచి బయటికి. ముందు నాలుగు ముక్కల్లోనూ ఒకే గడి, తర్వాతి గడి, అలా తిప్పుకుంటూ. ఒక ముక్క పూర్తిచేసి రెండోదానికి పోతే చెయ్యి మారిపోతుంది. మొదటి ముక్క ముద్దగా, చివరిది సన్నగా వస్తుంది. నాలుగింటి మీదా కలిపి వేస్తే నా వంకర కూడా నాలుగు చోట్లా సమానంగా పంచబడుతుంది.

ఇప్పటికి: 52 గంటలు, రూ. 900.

దశ 7: గడపలోంచి

ఆరాక చూస్తే ముగ్గు తిరుగుతున్నట్టుంది. గడియారం ముల్లుకి ఎదురు దిక్కుగా, మెల్లగా. అద్దం పోలిక లేకపోవడం కాగితం మీద తెలియలేదు గానీ, మూడు మీటర్ల మేర పరుచుకునేసరికి నాలుగు కాలవలు నాలుగు దిక్కులకి లాగుతున్నాయి. పక్కింటావిడ "ఎక్కడో వంకరగా ఉందమ్మా" అంది, ఎక్కడో చూపించలేకపోయింది. టేపు పెట్టి చూపిస్తే ఒప్పుకుంది గానీ, తల మాత్రం కాస్త పక్కకే పెట్టి చూస్తోంది.

దీన్ని సరిచేయడానికి కాలవల్లో జాజు రంగు నింపుదామా, చుట్టూ కర వేద్దామా అని అట్టముక్కలు పరిచి చూశాను. రంగు నింపితే నాలుగు చాపలు ఇంకా స్పష్టమయ్యాయి. కర వేస్తే ముగ్గుని పెట్టెలో పెట్టినట్టయింది. పైగా ఎడమ 33, కుడి 15 ఖాళీల తేడా అప్పటిదాకా కనపడనిది బయటపడింది. రెండూ వదిలేశాను.

నాలుగో రోజు పొద్దున్నే అమ్మ ముగ్గు డబ్బా పట్టుకుని వాకిట్లో ఉంది. చిన్న పీట వేసుకుని కూర్చుని, అతుకుల మీద వరసకీ వరసకీ మధ్య గీతలు విచ్చుకున్న చోట పిండితో ఒక్కో చిన్న పువ్వు పెడుతోంది. అతుక్కి మూడు, మొత్తం పన్నెండు. కొలవలేదు, ఒక్కోటి ఒక్కోలా ఉంది. గడపలోకి వెళ్లి చూశాను. తిరగడం ఆగింది.

"పెయింటు వేసింది నువ్వు వంగకూడదనే కదమ్మా" అన్నాను.

"పన్నెండేగా" అంది పీట జరుపుకుంటూ.

కాగితం మీద ఆ పన్నెండు చోట్లూ గుర్తు పెట్టుకున్నాను. పువ్వు అట్ట మాత్రం కోయలేదు.

మొత్తం: 52 గంటలు, రూ. 900, మిగిలిన పెయింటు అర లీటరు పైన.